నాలుగు చక్రముల మలుపు

రెండెడ్ల బండికి చక్రములు రెండే. అది మలుపు తిరుగుట సులభము. ఒక చక్రము ఉన్నచోటనే నిలిచియుండగా రెండవది దాని చుట్టును తిరుగగలదు. నాలుగు చక్రముల బండికి ఆ సౌకర్యము లేదు. దేవాలయపు పెద్ద రథముల ఇరుసులు ప్రక్కకు కదలవు. అందుచేత వీధి మలుపున చక్రముల క్రింద కొయ్య దిమ్మలు పెట్టి, పలువురు శ్రమించి రథమును త్రిప్పవలసి వచ్చును. ముందు చక్రములను ప్రక్కకు త్రిప్పు ఏర్పాటున్నప్పుడే నాలుగు చక్రముల బండి సులువుగా మలుపు తిరుగును. ఈ ఏర్పాటునే స్టీరింగు అందురు.

మలుపులో లోపలి చక్రము చిన్న వలయము వెంటను, వెలుపలి చక్రము పెద్ద వలయము వెంటను నడచును. కావున ముందు చక్రములు రెండును ఒకే కోణమున తిరిగినచో వానిలో ఒకటి నేలపై ఈడ్వబడును. లోపలి చక్రము కొంచెము ఎక్కువగా తిరుగవలెను. మ్యూనిక్ నగరమున బండ్లు చేయుచుండిన గేయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ ఇందుకు తగిన కూర్పును కనిపెట్టెను. 1818వ సంవత్సరమున రుడాల్ఫ్ అకర్‌మన్ లండనులో దానికి పేటెంటు పొందెను. నేటికిని ఆ కూర్పు అకర్‌మన్ పేరుతోనే వ్యవహరింపబడుచున్నది.

ఈ సూత్రములను పరీక్షించి చూచుటకు తగిన చిన్న యంత్రమొకటి కలదు. దానిని క్రాలర్ అందురు. ప్రాకునది అని ఆ పేరునకు అర్థము. ఇది రేడియో తరంగముల సహాయమున దూరమునుండి నడుపబడు మోటారుబండి నమూనా. అసలు బండిలో ఇరువదినాలుగవ వంతు ప్రమాణమున చేయబడిన క్రాలరును ఒక చేతితో ఎత్తుకొనవచ్చును. వేగము దీని లక్ష్యము కాదు. రాళ్లను, చెట్ల వేళ్లను మెల్లగా ఎక్కి దిగుటయే దీని పని. ఇందులకై నాలుగు చక్రములకును మోటారు శక్తి అందును. ఒకే ఇరుసునకు చెందిన రెండు చక్రములును ఎల్లప్పుడును ఒకే వేగముతో తిరుగునట్లు బిగింపబడియుండును. ఒక చక్రము గాలిలోనికి లేచినను, రెండవది రాతిని పట్టుకొని బండిని ముందునకు నెట్టుటకే ఈ బిగింపు.

ఎక్కుటకు మేలుచేయు ఈ బిగింపే మలుపునకు అడ్డు వచ్చును. వెనుక చక్రములు రెండును సమవేగముతో తిరుగుచు బండిని తిన్నగా ముందునకే నెట్టుచుండును. ముందు చక్రములు ప్రక్కకు తిరిగియున్నను బండి వానిమాట పూర్తిగా వినదు. రాళ్ల నడుమ గుర్తులు నాటి, వాని మధ్యనుండి క్రాలర్లను నడుపు పోటీలలో ఈ లోపము స్పష్టమగును. మలుపు చాలక వెనుకకు వచ్చి మరల తిప్పుకొన్నవారికి ఆ పోటీలలో దండనాంకములు పడును. అందుచే కొందరు వెనుక చక్రములకును స్టీరింగును అమర్చుదురు.

దీనివలన కలుగు లాభమును చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. క్రాలరు ఇరుసుల నడుమ దూరము 13 సెంటీమీటర్లనియు, ముందు చక్రములు 30 డిగ్రీలు తిరుగుననియు భావింపవలెను. వెనుక చక్రములు కదలనప్పుడు మలుపు కేంద్రము వెనుక ఇరుసు రేఖపై ఉండును. వెనుక ఇరుసు మధ్యభాగము నడచు వలయపు వ్యాసార్ధము ఇంచుమించు 22 సెంటీమీటర్లు. వెనుక చక్రములను గూడ 30 డిగ్రీలు ఎదురుదిశకు త్రిప్పినచో, మలుపు కేంద్రము బండి నడిమి రేఖకు జరుగును. అప్పుడు బండి మధ్యభాగము ఇంచుమించు 11 సెంటీమీటర్ల వ్యాసార్ధముతోనే తిరుగును. అనగా వలయము సగమగును. మరియొక లాభము గలదు. వెనుక చక్రములు ముందు చక్రముల జాడలోనే నడచును. ముందు చక్రము తప్పించుకొన్న రాయి వెనుక చక్రమునకును తప్పిపోవును.

ఈ మార్పు చేయుటలో పని మూడు భాగములుగా నుండును. మొదటిది ఇరుసు. వెనుకనున్న కదలని ఇరుసును తీసివేసి, ముందుదానివంటి ఇరుసును అమర్చవలెను. చక్రము ప్రక్కకు తిరిగియున్నప్పుడును మోటారు శక్తి దానికి అందుటకై ఇట్టి ఇరుసులో రెండు ప్రక్కలను కీళ్లుండును. రెండవది సర్వో. చక్రములను త్రిప్పు చిన్న మోటారునకు సర్వో అని పేరు. దానిని కడ్డీతో చక్రములకు కలుపుటకు ముందే, విద్యుత్తు నిచ్చి నడిమి స్థానమున నిలుపవలెను. తరువాత చక్రములు తిన్నగా నుండునట్లు కడ్డీ పొడవును సరిచేయవలెను. ఇందులో వెంట్రుకవాసి తేడా ఉన్నను బండి ఏటవాలుగా నడచును. సర్వోలు రెండైనందున బ్యాటరీ వాడకము పెరుగును. రెండును ఒకేసారి రాతికి అడ్డుపడి పెనుగులాడినచో, రిసీవరునకు చాలినంత విద్యుత్తు అందక బండి ఒక క్షణము ఆజ్ఞలను వినకపోవచ్చును.

మూడవది ఆజ్ఞ. ఇందులోనే మెలకువ యెక్కువగా కావలెను. ముందు సర్వో తీగను రెండుగా చీల్చి వెనుక సర్వోకు కలుపుట చౌక. కాని ముందు ఇరుసువంటి ఇరుసునే అటుదిటు త్రిప్పి వెనుక అమర్చినప్పుడు, ఒకే ఆజ్ఞకు ముందు వెనుక చక్రములు ఒకే దిశకు తిరుగును. బండి మలుపు తిరుగుటకు బదులు ఎండ్రకాయవలె ప్రక్కకు జరుగును. వెనుక సర్వో ఎదురుదిశకు తిరుగునట్లు చేయుట అవసరము. అట్లు చేసినను తీగ చీల్చిన బండిలో వెనుక చక్రములను కదలకుండ ఆపుటకు వీలుండదు.

వీనిని ఆపవలసిన సమయములు పెక్కు కలవు. గోడ ప్రక్కనుండి బండి మలుపు తీసికొనునప్పుడు దాని తోక గోడవైపునకే ఊగి తగులును. నిటారైన రాతిని ఎక్కునప్పుడు వెనుక చక్రములు వంకరగా నున్నచో, బండి ప్రక్కకు తిరిగి పల్టీకొట్టును. అందుచేత వెనుక సర్వోకు ట్రాన్స్‌మిటరులో ప్రత్యేకమైన మీట యుండవలెను. దానితో వెనుక చక్రములను ఎదురుదిశకు త్రిప్పవచ్చును, ముందువానితో సమానదిశకు త్రిప్పి ఏటవాలుగా జరుపవచ్చును, తిన్నగా నిలుపవచ్చును.

ఇట్లు రెండు స్టీరింగులను వేర్వేరుగా నుంచుట ఆటబండ్లకు మాత్రమే చెందిన విషయము కాదు. 1971వ సంవత్సరము జూలై 31వ తేదీన అపోలో-15 వ్యోమగాములు డేవిడ్ స్కాట్, జేమ్స్ ఇర్విన్ చంద్రునిపై మొట్టమొదటిసారిగా మోటారుబండిని నడిపిరి. భూమిపై దాని తూకము 210 కిలోగ్రాములు. దానికి ముందు ఒక స్టీరింగును, వెనుక ఒక స్టీరింగును గలవు. ఒక్కొక్కదానికి వేరు వేరు విద్యుత్ మోటారులు అమర్చిరి. బండి ఇంచుమించు మూడు మీటర్ల వ్యాసార్ధమున మలుపు తిరుగగలిగియుండెను.

వారు బండిని దింపి పరీక్షింపగా, ముందు స్టీరింగు పనిచేయలేదు. అచ్చట మరమ్మతు చేయువారెవరును లేరు. ఒకే స్టీరింగున్న బండి అయినచో నాటి ప్రయాణము ఆగియుండెడిది. కాని వెనుక స్టీరింగు చెడలేదు. స్కాట్ దానితోనే బండిని త్రిప్పుచు, హాడ్లీ అను లోతైన లోయ ప్రాంతమున ఇంచుమించు పది కిలోమీటర్లు నడిపి క్షేమముగా తిరిగి వచ్చెను. మరునాడు ముందు స్టీరింగు మరల పనిచేసెను. ఆగస్టు 1వ తేదీన వారు రెండు స్టీరింగులతో పర్వతపు వాలుపై తిరిగి, చంద్రుని తొలినాటి పైపొరకు చెందిన తెల్లని రాతిని సేకరించిరి. అది జెనిసిస్ రాయి యని ప్రసిద్ధి చెందెను.

రెండవ స్టీరింగు అమర్చుటవలన మలుపు చిన్నదగును. అది దాని మొదటి ప్రయోజనము. మొదటిదానికి కట్టుబడక వేరుగా పనిచేయగలిగినప్పుడే, అది అవసరమైనచోట తిరిగియు, అవసరము లేనిచోట నిలిచియు, ఆపత్సమయమున తోడుపడియు పూర్తి ఫలమునిచ్చును. ఈ సంగతి నెరిగి పనికి పూనుకొన్నవాడు మరలు బిగించుటకు ముందే మీట ఎచ్చట నుండవలెనో ఆలోచించుకొనును.