మాధ్యమ విద్య – అప్పు, ఆదాయము

వ్యాపార కుటుంబములో పుట్టిన పిల్లలందరును తండ్రి దుకాణములోనే కూర్చుండవలెనని నియమము లేదు. నేడు మన అమ్మాయిలు, అబ్బాయిలు పలువురు పత్రికలు, టెలివిజను, ప్రకటనలు, సినిమా మొదలైన పనులకు దారి చూపు మాస్ కమ్యూనికేషన్ డిగ్రీ చదువగోరుచున్నారు. ముంబయి విశ్వవిద్యాలయములో దీనిని మునుపు బి.ఎం.ఎం. అనెడివారు, ఇప్పుడు బి.ఎ.ఎం.ఎం.సి. అనుచున్నారు. చదువు మంచిదే. దానికై ఎంత అప్పు చేయవచ్చును అన్నదే ఇచ్చట మనము విచారించవలసిన సంగతి.

మగ్గమునకు, డిగ్రీకి భేదము

మా భివండీ మరమగ్గాల ఊరు. తెలంగాణము నుండి వచ్చిన పద్మశాలి కుటుంబములు పద్మానగరు ప్రాంతమున తరములుగా స్థిరపడి యున్నవి. ఇచ్చట మగ్గమునకు అప్పు ఇచ్చువారును, తీసికొనువారును ఒకే లెక్క చూతురు: దినమునకు ఎన్ని మీటర్లు దిగును, మీటరుకు కూలి ఎంత, కరెంటు ఎంత, వాయిదా పోగా మిగులునది ఎంత? కాలము కలిసి రానిచో మగ్గమును పాత ఇనుము ధరకైనను అమ్మవచ్చును. డిగ్రీని అమ్మలేము. నడుమ చదువు మానినచో ఆదాయము రాదు, అప్పు మాత్రము నిలిచి యుండును. కావున మగ్గమునకు చూచు లెక్కను డిగ్రీకి మరింత జాగ్రత్తగా చూడవలెను.

అప్పు పెరుగు విధము

మన బ్యాంకుల విద్యారుణ పద్ధతిలో సాధారణముగా చదువు కాలమును, ఆపై ఒక సంవత్సరమును వాయిదా కట్టనక్కరలేదు. కాని ఆ కాలమునకు వడ్డీ ఆగదు. ఒక ఉదాహరణ చూతము. ఏటికి 2 లక్షల చొప్పున మూడేండ్లు, మొత్తము 6 లక్షలు, వడ్డీ నూటికి ఏటికి 10 అనుకొందము. మొదటి 2 లక్షలకు నాలుగేండ్ల బారువడ్డీ 80,000, రెండవ దానికి మూడేండ్లది 60,000, మూడవ దానికి రెండేండ్లది 40,000. వెరసి 1,80,000. తొలి వాయిదా నాటికి బాకీ 7,80,000 రూపాయలు. పదేండ్లలో తీర్చుటకు నెలకు సుమారు 10,308 కట్టవలెను. కడకు బ్యాంకునకు చేరునది దాదాపు 12,37,000.

చదువు కాలములోనే వడ్డీని ఎప్పటికప్పుడు తల్లిదండ్రులు కట్టుచు వచ్చినచో నెలవాయిదా 7,929కి దిగును. మొత్తము మీద లక్ష రూపాయలకు పైగా మిగులును.

ఇక ఆదాయము. మొదటి ఉద్యోగమున నెలకు 25,000 వచ్చునని అనుకొందము. 10,308 వాయిదా పోగా మిగులునది 14,692. భివండీ నుండి ముంబయికి పోవువారు మొదట ఠాణాకో కళ్యాణుకో చేరి లోకలు బండి పట్టుకొందురు. ఆ ప్రయాణము, భోజనము పోగా చేతిలో ఏముండును? ముంబయిలోనే గది తీసికొన్నచో ఇంటి అద్దెకే చాలదు.

తండ్రి సంతకము

విద్యారుణ పత్రముపై పిల్లలతోపాటు తల్లియో తండ్రియో సహ ఋణగ్రహీతగా సంతకము చేయుదురు. అప్పు పెద్దదైనచో ఆస్తి హామీయు అడుగుదురు. వాయిదా తప్పినచో ఆ మచ్చ పిల్లవాని పేరనే గాక తండ్రి సిబిల్ లెక్కలోను పడును. రేపు దుకాణమునకు క్యాష్ క్రెడిట్ కావలసి వచ్చినపుడు అది అడ్డు తగులును. పరపతియే మూలధనముగా బ్రతుకు మనకు ఇది చిన్న సంగతి కాదు.

సరాసరి అను మాట

కళాశాలల వారు “మా విద్యార్థుల సరాసరి జీతము ఇంత” అని ప్రకటింతురు. ఐదుగురికి నెలకు 15, 18, 20, 22, 125 వేలు వచ్చినవనుకొనుడు. సరాసరి 40 వేలు! కాని నలుగురికి అందులో సుమారు సగమో, అంతకు తక్కువో దక్కినది. వరుసలో నడుమ నిలిచిన 20 వేలే నిజమునకు దగ్గర. దీనిని మధ్యస్థ జీతమందురు. కేంద్ర ప్రభుత్వపు ఎన్.ఐ.ఆర్.ఎఫ్. కొరకు కళాశాలలు సమర్పించు పత్రములలో ఈ అంకె ఉండును. అదియు ఉద్యోగము దొరికిన వారిదే గాని అందరిది కాదు. అమెరికాలో 2015 నుండి ప్రభుత్వమే కాలేజ్ స్కోర్‌కార్డ్ అను పేర విద్యార్థుల అప్పును, పిదప వారి సంపాదనను పక్కపక్కన చూపుచున్నది. విద్యారుణముల భారము బాగుగా ఎరిగిన దేశమది.

హద్దు, మార్గములు

నా అభిప్రాయము ఇది: మొదటి ఏడాది వచ్చునని నమ్మదగిన జీతమునకు మించి మొత్తము అప్పు చేయరాదు. పై లెక్కలో ఏడాది జీతము 3 లక్షలు. అంత అప్పునకు నెలవాయిదా 5,154, అనగా జీతములో ఇంచుమించు ఐదవ వంతు. అది మోయదగిన బరువు. పరిగ్రహ పరిమాణ వ్రతము నెరిగిన మనకు ముందుగా హద్దు వేసికొనుట కొత్త కాదు.

హద్దులో ఇముడు మార్గములు కలవు. ఉస్మానియా విశ్వవిద్యాలయములో పత్రికా రచన శాఖ 1954 నుండి ఉన్నది. ఈనాడు జర్నలిజము స్కూలు శిక్షణ కాలములో భృతి యిచ్చుచు నేర్పుచు వచ్చినది. ఇంటి వద్ద నుండి తక్కువ ఫీజుతో బి.కాం. ముగించి, పిదప ఏడాది డిప్లొమా చేయవచ్చును. తెలుగు, హిందీ, మరాఠీ మూడును మాటలాడు భివండీ పిల్లలు తెలుగు వ్రాత కూడ నేర్చినచో అనువాదము, డబ్బింగు, ఉపశీర్షికల పనులకు అదే పెట్టుబడి. దానికి వడ్డీ లేదు.

కళాశాలలో చేర్చుటకు ముందు తండ్రీబిడ్డలు కలిసి కూర్చుండి ఈ నాలుగు అడుగవలెను:

1. ఫీజు, హాస్టలు, కెమెరా, కంప్యూటరు కలిపి మూడేండ్ల ఖర్చెంత?
2. నిరుడు చదువు ముగించిన వారిలో ఎందరికి పని దొరికినది? మధ్యస్థ జీతమెంత?
3. ఏడాది పాటు పని దొరకనిచో వాయిదా ఎవరు కట్టుదురు?
4. ఇదే చదువు తక్కువ ఖర్చుతో మరెక్కడ దొరకును?

ఈ పనిలో మొదటి రెండు మూడేండ్లు చిన్న జీతమునకు పని నేర్చుకొనవలసి యుండును. బరువైన వాయిదా ఉన్నవాడు అంతవరకు నిలువలేడు, దొరికిన ఏదో ఉద్యోగములో పడి కోరి చదివిన విద్యను వదలుకొనును. పిల్లల కోరిక నిలువవలెననియే అప్పును చిన్నదిగా ఉంచుడని మనవి చేయుచున్నాను.