ఇరువది లంకెల కెన్ని ప్రశ్నలు?

గ్రంథాలయమున నిరువది పుస్తకములు కావలసిన బాలుడు ఒక్కొక్కదానికై వేర్వేరుగా గ్రంథపాలకునియొద్దకు బోయినచో నిరువదిమారులు నడువవలెను. పేర్లన్నియు నొక్క చీటిపై వ్రాసి యిచ్చినచో నొక్క నడకతో పని తీరును. వెబ్‌సైటులు నిర్మించువారు తరచుగ మరచు సంగతి యిదియే.

వెబ్‌సైటులోని వ్యాసములు డేటాబేసునందు పట్టికలుగా నుండును. ప్రోగ్రాము వానినుండి వివరములు కోరుటకు క్వెరీ యని పేరు. దీని నిచట ప్రశ్న యందము.

2003వ సంవత్సరమున వెలువడిన వర్డ్‌ప్రెస్ నుదాహరణముగా గొందము. అందు వ్యాసపు లంకెలో వ్యాసనామము, తేది, వర్గము మున్నగునవి చేరునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును. అట్టి లంకె కట్టుటకు వ్యాసపు సంఖ్య యొక్కటియే చాలదు.

ప్రోగ్రాము మొదట 20 వ్యాసముల సంఖ్యలను మాత్రమే తెచ్చుకొనె ననుకొందము. ఇది 1 ప్రశ్న. పిమ్మట ప్రతి లంకెకును వ్యాసవివరమున కొకటి, వర్గమున కొకటి చొప్పున 40 ప్రశ్నలు. వెరసి 41. దీనినే ‘ఎన్ ప్లస్ వన్’ దోషమందురు. ఒక్కొక్క ప్రశ్నకు 5 మిల్లీసెకండ్లు పట్టినచో 205 మిల్లీసెకండ్లు వ్యర్థప్రాయముగా గడచును. నూర్గురు చదువరు లొక్కమారు వచ్చినచో ప్రశ్నలు 4,100 అగును. ఈ యాలస్యమును భరించువాడు ప్రోగ్రాము వ్రాసినవాడు కాడు, చదువరి.

నివారణోపాయము సులభము. సంఖ్యలన్నిటిని గూర్చి, వ్యాసవివరముల నొక్క ప్రశ్నతోను, వర్గముల నొక్క ప్రశ్నతోను దెచ్చి జ్ఞాపకమున నుంచుకొని, పిదప లంకెలు కట్టవలెను. అప్పుడు మొత్తము 3 ప్రశ్నలే. వ్యాసములను సంపూర్ణముగా గోరినపుడు వర్డ్‌ప్రెస్ సాధారణముగా నీ పని తానే చేయును. సంఖ్యలు మాత్రము కోరినచో చేయదు. పొదుపు చేయబోయినవాడే యధికవ్యయము చేయుట యిందలి వింత!

అయినను లంకెలతో బనిలేనిచోట సంఖ్యలు మాత్రమే తెచ్చుట మేలు. జ్ఞాపకమున దాచిన లంకెను వ్యాసనామము మారినపుడెల్ల మార్చవలెను. మార్పునకు ముందును, తరువాతను ప్రశ్నలను లెక్కించి చూడనిదే లాభము కలిగెనని నమ్మరాదు.

అభ్యాసము: 50 వ్యాసములకు వివరము, వర్గము, రచయిత యను మూడింటిని విడివిడిగా నడిగిన నెన్ని ప్రశ్నలు? సమష్టిగా నడిగిన నెన్ని?

ఉత్తరము: 151, 4.