షబ్బీర్ అలీ గారి రాజకీయ జీవితం: ఒక పరిశీలన

విద్యార్థులు నింపే ప్రవేశ దరఖాస్తులలో ‘బి.సి.-ఇ’ అనే గడి ఉన్నది. దాని చరిత్ర ఎరిగినవారు తక్కువ. ఆ చరిత్ర మన పొరుగున ఉన్న కామారెడ్డి నాయకులు మహమ్మద్ అలీ షబ్బీర్ గారి జీవితంతో ముడివడినది.

1989లో కామారెడ్డి నుండి శాసనసభకు ఎన్నికై మంత్రి అయిన వీరు, 2004లో రాజశేఖరరెడ్డి గారి మంత్రివర్గంలో మైనారిటీల సంక్షేమ శాఖను చేపట్టినారు. ఆ ఏడే ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ల ఉత్తర్వు వెలువడినది, హైకోర్టు కొట్టివేసినది. 2005 నాటి చట్టానికీ అదే గతి పట్టినది. ఉత్సాహానికి లోటు లేదు గాని, ఎవరు ఎందుచేత వెనుకబడినారో తేల్చే విచారణ చాలలేదు. అప్పుడు ప్రభుత్వ సలహాదారుగా వచ్చిన పి.ఎస్. కృష్ణన్ గారు వృత్తులను, సామాజిక స్థితిని పరిశీలించి వెనుకబడిన వర్గాలను గుర్తించినారు. సయ్యద్, మొగల్, పఠాన్ మొదలైనవారిని మినహాయించినారు. (మనలో కొందరికి ఇది రుచించలేదు.) ఆ నివేదిక ఆధారంగా 2007లో 4 శాతం చట్టమైనది. 2010లో హైకోర్టు దీనినీ త్రోసిపుచ్చగా, మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిపి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించినది. మంత్రి పట్టుదల కంటె సలహాదారు నివేదికయే ఇందులో ఎక్కువ పని చేసినదని నా అభిప్రాయం.

షబ్బీర్ గారు తరువాత 2009, 2014, 2018 ఎన్నికలలో కామారెడ్డిలోనే ఓడిపోయినారు. 2023లో ఆ స్థానాన్ని రేవంత్ రెడ్డి గారికి విడిచి నిజామాబాదు నగరంలో పోటీ చేసి, అక్కడా ఓడినారు. 2024 జనవరిలో ప్రభుత్వ సలహాదారుగా నియమితులైనారు. ఈసారి నివేదిక వ్రాయవలసిన చేయి వారిదే.