వీధియు దేవాలయమే

ఇంటిని శుభ్రముగ నుంచుకొనుట ధర్మమని ఎల్లవారు నెఱుగుదురు. ప్రతిదినము ఉదయమున ముంగిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టుట మన యిండ్లలో పూజవంటిదే. కాని గడప దాటినంతనే ఆ ధర్మము ముగిసినట్లు నడచుకొనుట నగరవాసులకు అలవాటైనది. ఇంటి చెత్త వీధిలోనికి పోవును. వీధి చెత్త పురపాలక సంఘమువారి దగును. రోగమునకు గాని, వరదనీటికి గాని ఈ గడప గుర్తుండదు. ఇరుగుపొరుగువారి క్షేమముతో ముడివడని క్షేమము నగరమున ఎవ్వరికిని లేదు. ఈ సత్యమును 1898, 1899 సంవత్సరములలో కలకత్తా నగరమునందలి బీదల బస్తీలు అనుభవపూర్వకముగ నేర్చుకొన్నవి. ఆ చరిత్ర నేటి నగరవాసులకును పాఠము కాదగినది.

భయమే మొదటి రోగము

1896వ సంవత్సరమున బొంబాయిలో ప్లేగువ్యాధి పొడసూపినది. దానిని అరికట్టుటకై ప్రభుత్వము 1897లో అంటువ్యాధుల చట్టమును చేసినది. ఆ చట్టము అధికారులకు విశేషాధికారముల నిచ్చెను. పూనాలో సైనికులు ఇండ్లలో చొరబడి సోదాలు జరిపిరి. రోగులను కుటుంబములనుండి వేరుచేసి గొనిపోయిరి. ఈ వార్తలు దేశమంతట వ్యాపించుటచే ప్రజలకు రోగముకంటె రోగనివారణ చర్యలే ఎక్కువ భయంకరములుగ తోచెను. బలవంతముగ టీకాలు వేయుదురను వదంతి పుట్టెను. 1898లో కలకత్తాలో ప్లేగు కనబడగనే వేలకొలది జనులు నగరమును విడిచి పారిపోసాగిరి.

ఆ సమయమున డార్జిలింగులో విశ్రాంతి గొనుచున్న స్వామి వివేకానందులు మే 3వ తేదీన కలకత్తాకు తిరిగి వచ్చిరి. వారు చేసిన మొదటి పని ప్రజలకు ధైర్యము చెప్పుట. వంగ, హిందీ భాషలలో ఒక ప్రకటన సిద్ధమై ప్రజలలో పంచిపెట్టబడినది. భయమును విడువుడని, వదంతులను నమ్మవలదని, ఇండ్లను వస్త్రములను శుభ్రముగ నుంచుకొనుడని, నిలువయున్న ఆహారమును తినవలదని అందు సామాన్యులకు తెలియు మాటలలో చెప్పబడినది. ధనమెట్లు లభించునని ఒక గురుసోదరుడు ప్రశ్నింపగా, మఠమునకై క్రొత్తగా కొన్న భూమినైనను అమ్మివేయుదమని స్వామీజీ పలికిరి. మఠముకంటె మనుష్యుడు ముఖ్యుడని ఆ మాటకు భావము. భూమిని అమ్మవలసిన అవసరము కలుగలేదు.

చీపురు పట్టిన చేతులు

మరుసటి యేట, 1899 మార్చిలో, వ్యాధి మరల విజృంభించినది. ఆ నెల 31వ తేదీన రామకృష్ణ మిషన్ ప్లేగు సేవాకార్యమును ప్రారంభించెను. సోదరి నివేదిత కార్యదర్శిని. స్వామి సదానందులు పనికి ముఖ్య నిర్వాహకులు. సదానందులు పూర్వాశ్రమమున హత్రాస్ రైల్వే స్టేషనులో ఉద్యోగి. స్వామీజీకి తొలి సన్న్యాస శిష్యులలో ఒకరు. వారు వీధులూడ్చు పనివారిని వెంటబెట్టుకొని బాగ్‌బజార్, శ్యామ్‌బజార్ ప్రాంతముల బస్తీలలో ప్రవేశించిరి. ఏండ్ల తరబడి పేరుకొన్న పెంట తొలగింపబడెను, మురుగుకాలువలు బాగుచేయబడెను. సమాజము అంటరానివారని దూరముంచిన పనివారితో ఒక సన్న్యాసి భుజము కలిపి పనిచేయుట ఆనాటివారికి చెత్తను తొలగించుటకంటె పెద్ద వింత.

ప్లేగును ఎలుకలమీది మిన్నల్లులు మనుష్యులకు అంటించునని సిమాండ్ అను ఫ్రెంచి వైద్యుడు 1898లో కరాచీలో కనుగొనెను గాని, ఆ సిద్ధాంతము కొన్ని యేండ్ల వరకు సర్వసమ్మతము కాలేదు. బస్తీలను శుభ్రపరచినవారు ఆ రహస్యము నెఱిగి చేయలేదు. ఐనను పెంటకుప్ప పోయినచో ఎలుకకు ఆహారమును ఆశ్రయమును తగ్గును.

డాక్టరు రాధాగోవింద కర్ తాను చూచిన ఒక దృశ్యమును వర్ణించియున్నారు. బస్తీలోని ఒక తడి గుడిసెలో ప్లేగు సోకిన తల్లిలేని బిడ్డ నొడిలో నుంచుకొని నివేదిత కూర్చుండియుండెను. జాగ్రత్త వహింపుమని డాక్టరు ఆమెను ముందుగనే హెచ్చరించిరి. ఆమె కదలలేదు. ఆ గుడిసెకు సున్నము కొట్టవలసివచ్చినప్పుడు నిచ్చెన యెక్కి తానే కొట్టెను. బిడ్డ బ్రతుకలేదు, ఐనను తల్లి ఒడివంటి ఒడిలోనే కన్నుమూసినది.

మరియొకనాడు వీధి నూడ్చుటకు పనివారు లేకపోగా నివేదిత తానే చీపురు పట్టెను. దానిని చూచి సిగ్గుపడిన ఆ వీధి యువకులు ఆమె చేతినుండి చీపురు నందుకొనిరట. ఈ చరిత్రలో ముఖ్యమైన ఘట్టమిదియే. అంతవరకు సేవ బయటినుండి వచ్చినది. ఆ క్షణమున వీధి తన్ను తాను శుభ్రపరచుకొనుటకు మొదలిడినది.

ఏప్రిల్ 21వ తేదీన క్లాసిక్ థియేటరులో స్వామీజీ అధ్యక్షతన జరిగిన సభలో నివేదిత విద్యార్థుల కర్తవ్యమును గూర్చి ప్రసంగించెను. సుమారు పదునైదుగురు ముందుకు వచ్చిరి. వారు గుడిసె గుడిసెకు పోయి పరిశీలించి, శుభ్రతను గూర్చిన కరపత్రములు పంచి, ప్రజలకు నచ్చజెప్పిరి. ఆదివారములందు సమావేశమై చేసిన పనిని వ్రాతపూర్వకముగ నివేదించి, తరువాతి పనిని తెలిసికొనుచుండిరి. ఉత్సాహము ఒకనాటి పొంగుగా చల్లారక నిలుచుటకు ఇట్టి క్రమశిక్షణ అవసరము.

మనము నేర్వవలసినది

ప్లేగు ఆ యేటితో కలకత్తాను విడిచిపోలేదు. సేవకులు రోగమును జయించిరని చెప్పుట అతిశయోక్తి యగును. వారు జయించినది ఒకరి నొకరు విడిచి పారిపోవు స్వభావమును. ఆపద వచ్చినప్పుడు నగరమును నిలువబెట్టునది ఈ విజయమే.

ఇందు మూడు సూత్రములు కలవు. మొదటిది, ఆజ్ఞాపించుటకు ముందు నమ్మకము కలిగింపవలెను. సైనికుడు తెరువలేని తలుపును తల్లివలె వచ్చినవారు తెరువగలరు. రెండవది, చెప్పువాడు ముందుగ తానే చేయవలెను. మూడవది, సేవకుడు వెడలిపోయిన మరునాడు చీపురు పట్టువా రెవరను ప్రశ్నను మొదటి దినముననే వేసికొనవలెను. వీధివారి చేతికి అందని పని ఎంత గొప్పదైనను దానమే, అందినదే శక్తి.

నేడు మన నగరములకు వరదలు, తీవ్రమైన ఎండలు, క్రొత్త వ్యాధులు వచ్చుచున్నవి. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు, అంతకు మించిన జనాభాగల పురపాలక ప్రాంతములలో వార్డు సంఘము లుండవలెనని విధించినది. చట్టము పీఠమును ఏర్పరచినది. ప్రాణప్రతిష్ఠ చేయవలసినవారు ప్రజలే. ఒక వీధిలోని పది యిండ్లవారు వారమున కొకసారి కలిసికొని, వాననీరు పోవు కాలువ పూడినదా, ఒంటరిగా నున్న వృద్ధు లెవరు, వారిని ఎవరు చూతురు అని విచారించుకొన్నచో ఆరంభమునకు అది చాలును.

జీవునియందు శివుని చూచి సేవింపుమని శ్రీరామకృష్ణులు బోధించిరి. ఆ శివుడు గర్భగుడిలోనే కాక, ఎదురింటిలోను, వీధి చివరి గుడిసెలోను ఉన్నాడు. ముంగిలిలో పెట్టు ముగ్గు గడపవద్ద ఆగక వీధి చివరవరకు సాగినప్పుడే ఆ పూజ పూర్ణమగును.