పారిశ్రామికవేత్త నిర్ణయాలు – మనస్సు తొక్కే దగ్గరి దారులు

పరిశ్రమ స్థాపించదలచిన వ్యక్తికి మూలధనం, ముడిసరుకు, విద్యుచ్ఛక్తి ఎంత అవసరమో సరియైన నిర్ణయశక్తి కూడా అంతే అవసరం. కాని నిర్ణయానికి కావలసిన సమాచారమంతా ముందుగా ఏనాడూ చేతికందదు. రేపటి ధర, వచ్చే ఏటి గిరాకీ ఎవరికీ తెలియవు. అయినా పెట్టుబడి పెట్టాలా, వద్దా అన్నది నేడే తేల్చుకోవలసి ఉంటుంది.

మానవుని వివేచనకు పరిమితులున్నాయని, అందుచేత అతడు సర్వోత్తమమైన మార్గానికై అంతులేకుండా వెదకక, తన అవసరానికి చాలిన మార్గం దొరకగానే స్వీకరిస్తాడని హెర్బర్ట్ సైమన్ ప్రతిపాదించారు. 1978లో ఆయన అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు. 1974లో ఆమోస్ ట్వెర్స్కీ, డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు, అనిశ్చిత పరిస్థితులలో మనస్సు తొక్కే మూడు దగ్గరి దారులను వివరించారు.

నూనెమిల్లు పెట్టదలచిన ఒక యువకుణ్ణి ఉదాహరణగా తీసుకుందాము. ఊరిలో లాభసాటిగా నడిచే రెండు మిల్లులు అతని కళ్లెదుట ఉన్నాయి. సులభంగా స్ఫురించినదే తరచు జరుగుతుందని తలచడం మొదటి దారి. మూతపడిన మిల్లులు అతనికి స్ఫురించవు. ఆ యజమానులకూ తనకూ పోలిక ఉన్నది గనుక ఫలితమూ అదే అనుకోవడం రెండవది. యంత్రాల విక్రేత మొదట చెప్పిన ఉత్పత్తి అంకె చుట్టూనే తన లెక్కలన్నీ తిరగడం మూడవది. ఈ అంచనాలు తప్పితే పోయేది తండ్రి పొలం అమ్మి ఇచ్చిన సొమ్ము.

అట్లని దగ్గరి దారులు పూర్తిగా త్యాజ్యాలు కావు. పెద్ద సంస్థల నిర్వాహకులకంటె స్వయంగా సంస్థలు స్థాపించినవారే వీటిపై ఎక్కువగా ఆధారపడుతున్నారని 1997లో బుసెనిట్జ్, బార్నీ అనే పరిశోధకులు వెల్లడించారు. అన్ని వివరాలూ సేకరించేదాకా ఆగితే అవకాశమే చేజారవచ్చు. కనుక ఈ దారులను అనుభవంతో సరిదిద్దుకోవడమే అసలు ప్రశ్న.

ఈ సందర్భంలో కాకినాడ ప్రయోగం స్మరణీయం. 1960 దశకంలో అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లెలాండ్, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ సహకారంతో కాకినాడ వ్యాపారులకు సాధనాకాంక్షను పెంపొందించే శిక్షణ ఇచ్చారు. శిక్షణ పొందినవారు తరువాతి కాలంలో, పొందనివారికంటె ఎక్కువ చొరవ చూపినట్లు 1969లో వెలువడిన గ్రంథం తెలుపుతున్నది. మేకుపై వలయాలు విసిరే ఆటను ఆయన తన పరిశోధనలలో వినియోగించారు. సాధనాకాంక్ష గలవారు మరీ దగ్గరనుండి గాని, మరీ దూరంనుండి గాని విసరక మధ్యస్థమైన దూరాన్ని ఎన్నుకొంటారు. అక్కడ గెలుపు తథ్యం కాదు, అసాధ్యమూ కాదు. ప్రతి విసురూ ఒక పాఠం నేర్పుతుంది.

మన యువకుడు చేయవలసినదీ అదే. ముందుగా మిల్లు మూసివేసిన వారిని కలుసుకొని కారణాలు అడగాలి. విక్రేత అంకె వినకముందే తన అంచనా కాగితంపై వ్రాసుకోవాలి. ఎంత లాభం వస్తుందన్న ప్రశ్నకంటె ముందు, ఎంత నష్టాన్ని కుటుంబం తట్టుకోగలదో నిర్ణయించుకోవాలి. వీలైతే అద్దె గానుగతో ఒక పంటకాలం నడిపి, వచ్చిన ఫలితాన్ని తొలి అంచనాతో సరిపోల్చాలి. వ్రాసి ఉంచని అంచనాను ఫలితం వచ్చాక మనస్సు తనకు అనుకూలంగా మార్చుకొంటుంది. కాగితంపై ఉన్నదానిని మార్చలేదు. అనుభవం పాఠమయ్యేది అట్టి సరిపోలికవల్లనే.