తేలికపాటి ల్యాప్‌టాప్: తూకం కంటే ముందు చూడవలసినవి

సోలాపూర్ చద్దరు కొనేవారు దానిని చేతిలోకి తీసుకుని బరువు చూస్తారు. బరువుగా ఉన్న నేత మన్నుతుందని నమ్మకం. ల్యాప్‌టాప్ విషయంలో ఈ లెక్క తలకిందులవుతుంది. 1.8 కిలోల యంత్రం కంటే 1.2 కిలోల యంత్రానికే తరచుగా ఎక్కువ వెల పెట్టవలసి వస్తుంది. ఆ తేలికదనం మంచి లోహం వల్ల వచ్చిందా, పలుచని ప్లాస్టిక్ వల్ల వచ్చిందా అన్నదే అసలు ప్రశ్న.

అల్యూమినియం, మెగ్నీషియం మిశ్రమలోహాలు తేలికగా ఉండి గట్టిగా నిలుస్తాయి. దుకాణంలోనే మూతను నాలుగైదుసార్లు తెరిచి మూసి కీళ్లను పరీక్షించాలి. ఒక మూల పట్టుకుని ఎత్తినపుడు యంత్రం మెలిపడకూడదు. కొన్నిటిపై అమెరికా సైనిక ప్రమాణం 810 ప్రకారం పరీక్షించినట్లు రాసి ఉంటుంది. ఏయే పరీక్షలు జరిపారన్నది తయారీదారుల ఎంపిక. కింద పడితే ఉచితంగా బాగుచేస్తారని దాని అర్థం కాదు.

నేతవారి పేటలకు ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. మరమగ్గాలు ఆడే చోట నూలు నూగు గాలిలో తేలుతుంది. పలుచని యంత్రంలో ఫ్యాను చిన్నది, గాలి రంధ్రాలు ఇరుకు. నూగు అక్కడ పేరుకుంటే వేడి బయటికి పోదు, యంత్రం మందగిస్తుంది, బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. పరుపు మీద, అందులోనూ మన చద్దరు మీదే పెట్టి వాడితే అడుగున గాలి ఆడదు. మగ్గం ఉన్న ఇంట్లో ఫ్యాను లేని నమూనా పరిశీలించదగినది. అయితే అది బరువైన పనులకు నెమ్మదిస్తుంది. ఫ్యాను ఉన్నదైతే అడుగు పలకను మరలు విప్పి శుభ్రం చేయించే వీలుందో లేదో అడగాలి. చాలా తేలికపాటి యంత్రాలలో మెమరీ ప్రధాన పలకకే అతికి ఉంటుంది. తరువాత పెంచలేరు, చెడితే పలక మొత్తం మార్చవలసి రావచ్చు.

మగ్గం కొనే ముందు దాని విడిభాగాలు ఊళ్లో దొరుకుతాయా, విప్పి బిగించగలవారు ఎవరు అని విచారించని నేతకారుడు ఉండడు. ల్యాప్‌టాప్‌కూ అదే విచారణ అవసరం. వారంటీ ఒక ఏడాది అని ఉంటే సరిపోదు. పనివాడు ఇంటికి వస్తాడా, లేక యంత్రాన్ని సేవాకేంద్రానికి మోసుకుపోవాలా? ఆ కేంద్రం సోలాపూర్‌లో ఉందా, 250 కిలోమీటర్ల దూరాన పుణేలో ఉందా? పరీక్షల నెలలో యంత్రం పుణేకు వెళ్తే, ఇంట్లో చదువుకునే పిల్లకు అన్ని రోజులూ చేతిలో ఏమీ ఉండదు. సంస్థ వెబ్‌సైటులో పిన్‌కోడ్ ఇచ్చి సేవాకేంద్రాన్ని స్వయంగా చూసుకోవాలి. అమ్మేవారి మాట ఒక్కటే చాలదు. నీరు ఒలకడం, కింద పడడం సాధారణ వారంటీలోకి రావు. వారంటీని పొడిగించుకున్నా బ్యాటరీకి అది వర్తిస్తుందో లేదో వేరుగా అడగవలసినదే.

బిల్లుపై యంత్రపు క్రమసంఖ్య ఉండేట్లు చూసుకోవాలి. సంస్థ స్పందించనపుడు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సరుకు ఆన్‌లైన్‌లో ఎక్కడి నుంచి కొన్నా, తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. గడువు రెండేళ్లు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలలోపు ఉంటే రుసుము లేదు. ఫిర్యాదుకు బిల్లు, వారంటీ పత్రం, సేవాకేంద్రం ఇచ్చిన రసీదు జతచేయాలి. యంత్రం అప్పగించిన ప్రతిసారీ తేదీతో రసీదు అడిగి తీసుకోవాలి.