కుండలో వేసిన పిండి – బిడ్డకు మందు పడనప్పుడు

చదువవలసిన భాగములు: 2 రాజులు 4:38–41, 2 రాజులు 20:1–7, మార్కు 5:21–43, యోహాను 9:1–3

ముఖ్యాంశము: తెలియక జరిగిన దానిని దాచక చెప్పుట, ఆలస్యము చేయక సహాయము కోరుట, భయమునకు లోబడక మరల వడ్డించుట – ఈ మూడును విశ్వాసముతో చేయవలసిన పనులే.

1. ఒక రాత్రి

ఖరగ్‌పూరు రైల్వే కాలనీలో తెలుగు కుటుంబములు అనేకము తరతరములుగా కాపురమున్నవి. అట్టి యొక విశ్వాసుల ఇంటిలో మూడేండ్ల పిల్లవానికి చెవిపోటు, జ్వరము వచ్చెను. తండ్రి రాత్రి డ్యూటీలో నుండెను. వైద్యుడు వ్రాసియిచ్చిన సిరపును తల్లి మూతతో కొలిచి, బుజ్జగించి త్రాగించెను. పావుగంట గడువకముందే బిడ్డ పొట్ట మీదను మెడ మీదను ఎఱ్ఱని దద్దుర్లు లేచెను. పెదవులు ఉబ్బెను. దగ్గు మొదలయ్యెను, ఊపిరితో కూడ పిల్లికూతలు వినబడెను. వాంతి చేసికొని పిల్లవాడు తోటకూర కాడవలె తల్లి భుజము మీద వ్రాలిపోయెను.

ఆమె కేక విని ఇరుగుపొరుగువారు పరుగెత్తి వచ్చిరి. ఒకరు ఉప్పునీరు పట్టుమనిరి. ఒకరు తెల్లవారువరకు చూడుమనిరి. మిషను ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దామె మాత్రము, "అమ్మాయీ, ఇది చూచుచు కూర్చుండవలసిన జబ్బు కాదు. బిడ్డను భుజమున వేసికొనకుము, ఒడిలో ప్రక్కకు తిప్పి పండబెట్టుము. సీసా కూడ తీసికొనుము, పోదము పద" అని ఆటోను పిలిపించెను. ఆసుపత్రిలో వైద్యుడు మొట్టమొదట తొడ వెలుపలి కండలో అడ్రినలిన్ ఇంజెక్షను ఇచ్చెను. తరువాత ఆక్సిజను పెట్టించెను. కొన్ని నిమిషములకు ఊపిరి కుదుటబడెను. ఆ రాత్రియంతయు బిడ్డను అక్కడనే ఉంచిరి. తెల్లవారుజామున పిల్లవాడు కన్నులు తెరచి మంచినీళ్లు అడిగెను.

బిడ్డ కోలుకొనెను గాని తల్లి కోలుకొనలేదు. నాలుగు నెలల క్రిందట వేరొక సిరపు వాడినప్పుడు, చివరి దినమున పిల్లవాని నడుము మీద నాలుగైదు దద్దుర్లు లేచియుండెను. వేసవికాలము గదా, చెమటకాయలనుకొని ఆమె ఎవరికిని చెప్పలేదు. ఇప్పుడు రెండు సీసాలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన వైద్యుడు, పైపేర్లు వేరైనను రెంటిలో నున్న మందు ఒక్కటేననియు, అది అమాక్సిసిలిన్ అనియు చెప్పెను. ఆ మాట ఆమె గుండెలో గుచ్చుకొనెను.

పరామర్శకు వచ్చినవారిలో ఒకరు, ఇది ఏదో పాపమునకు శిక్షయై యుండునేమో పరీక్షించుకొనుమనిరి. మరియొకరు, ప్రార్థించియుండిన మందు అవసరమే లేకపోవునని పలికిరి. మూడు వారములకు పిల్లవానికి మరల జ్వరము వచ్చెను. బిడ్డ ఒళ్లు కాలిపోవుచుండగా తల్లి ఏ సీసా మూతయు తీయలేదు. ఆసుపత్రికి పోవుటకును ఒప్పుకొనలేదు. మొదటి ఆపద మందువలన కలిగెను. రెండవ ఆపద భయమువలన కలుగబోవుచుండెను.

2. గిల్గాలులో ఒక కుండ

దేశములో కరవుండిన కాలమున ఎలీషా గిల్గాలునకు వచ్చెను. ప్రవక్తల శిష్యులకు వంట చేయుటకై పెద్ద కుండ పొయ్యి మీద పెట్టించెను. కూర కొఱకు పొలమునకు పోయిన ఒకడు అడవి తీగె నొకదానిని చూచి, దాని కాయలు ఒడినిండ కోసి తెచ్చి, తరిగి కుండలో వేసెను. అవి ఎట్టివో అతడెరుగడు. భోజనమునకు కూర్చుండినవారు రుచి చూడగానే, కుండలో మరణమున్నదని ప్రవక్తకు మొఱపెట్టిరి. ఎలీషా పిండి తెప్పించి అందులో వేయించి, జనులకు వడ్డింపుడని ఆజ్ఞాపించెను. అటుపిమ్మట కుండలో హాని ఏదియు లేకపోయెను.

ఈ చిన్న వృత్తాంతములో మూడు సంగతులు గమనింపదగినవి. మొదటిది, కాయలు కోసినవాడు ఆకలిగొన్నవారికి మేలు చేయగోరి కోసెను. రెండవది, ఒడలిలో తేడా తెలిసిన వెంటనే వారు మర్యాదకొఱకు మౌనముగా భుజింపక కేకలు వేసిరి. మూడవది, ప్రవక్త కుండను పగులగొట్టింపలేదు; ఆకలిగొన్నవారిని పస్తు పండుకొనుడని పంపివేయలేదు. అదే కుండలోనుండి వారికి వడ్డింపజేసెను.

3. శరీరములో జరుగునదేమి?

దేవుడు మన శరీరమునకు కావలివారిని నియమించెను. రోగక్రిములు ప్రవేశించినప్పుడు వాటిని గుర్తించి ఎదిరించుట వారి పని. కొందరి శరీరములలో ఈ కావలివారు మేలు చేయవచ్చిన మందునే శత్రువుగా ఎంచుదురు. మొదటిమారు సాధారణముగా గుర్తుపెట్టుకొనుట మాత్రమే జరుగును. ఆ మందు మరల వచ్చినప్పుడు కొన్ని కణములు హిస్టమిన్ మొదలగు పదార్థములను ఒక్కసారిగా విడుదల చేయును. అందువలన దద్దుర్లు, దురద, వాపు కలుగును. తీవ్రమైనప్పుడు శ్వాసనాళములు ముడుచుకొనును, రక్తపుపోటు పడిపోవును. ఈ తీవ్రస్థితికి అనఫిలాక్సిస్ అని 1902లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులైన పోర్టియర్, రిషే అను వారు పేరు పెట్టిరి. అలర్జీ అను మాటను 1906లో వియన్నాలో పిల్లల వైద్యుడైన పిర్కే ప్రవేశపెట్టెను.

1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కనుగొనిన పెన్సిలిన్, దాని జాతికి చెందిన అమాక్సిసిలిన్ మొదలైనవి ఎందరో పిల్లల ప్రాణములను నిలిపినవి. అట్టి మేలైన మందే నూటికో కోటికో ఒక బిడ్డకు హాని చేయవచ్చును. ఇది మందును వ్రాసిన వైద్యుని క్రూరత్వము కాదు, త్రాగించిన తల్లి ద్రోహము కాదు. కావలివారు పొరబడిరి, అంతియే.

4. ఎవరు కోసిరి?

ఆ తల్లి స్థితి తెలిసి సంఘ కాపరి వారి ఇంటికి వచ్చెను. ఆమె ఏడ్చుచు, "అయ్యగారూ, శత్రువెవడును చేయలేదండీ. నా చేతులతో నేనే పోసితిని" అనెను. ఆయన గిల్గాలు వృత్తాంతమును తీసి ఆమెచేతనే చదివించెను.

"అమ్మా, ఆ కాయలు కోసినవాని పేరేమి?" అని ఆయన అడిగెను.

ఆమె రెండుమారులు వెదకి, "పేరు లేదండీ" అనెను.

"ఎవడు కోసెనని ప్రవక్త విచారించెనా?"

"విచారించినట్లు లేదండీ."

"మరి ఏమి అడిగెను?"

"పిండి అడిగెనండీ."

ఆయన మరేమియు బోధింపక ప్రార్థన చేసెను. ఆ రాత్రి ఆమె ఆ నాలుగు వచనములను మరల మరల చదువుకొనెను.

పుట్టుగ్రుడ్డివానిని చూచి, ఇతడు పాపము చేసెనా, ఇతని కన్నవారు చేసిరా అని శిష్యులు అడిగినప్పుడు, ప్రభువు ఆ రెండును కాదనెను. అందుచేత రోగగ్రస్తుడైన బిడ్డ మంచము ప్రక్కన నిలువబడి, తలిదండ్రుల పాపములను వెదకుట సంఘమునకు తగదు. తెలియక చేసిన దానికి తల్లి తనను తాను జీవితాంతము దండించుకొనుట దేవుడు కోరిన పశ్చాత్తాపము కాదు. అయితే తెలియనితనములోనే నిలిచియుండుటయు మంచిది కాదు. ఆ దినము తరువాత గిల్గాలులో కూరకు పోయినవారు ఆ తీగెను గుర్తుపట్టియుందురు గదా. తెలిసికొనినదానిని మరువకుండుటయే తలిదండ్రులు చేయదగిన ప్రాయశ్చిత్తము.

5. కేక వేయుట విశ్వాసమునకు విరోధము కాదు

హిజ్కియా మరణకరమైన రోగముతో కన్నీళ్లు విడిచి ప్రార్థింపగా దేవుడు విని, పదునైదు సంవత్సరముల ఆయుష్షును వాగ్దానము చేసెను. అయినను యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద వేయించెను. ప్రార్థనయు పథ్యమును ఒకే ప్రవక్త చేతిలో కలిసియున్నవి. కనుక ఆపద సమయమున ప్రార్థించుచునే పరుగెత్తవలెను.

మందు ఇచ్చిన తరువాత బిడ్డ పెదవులు, నాలుక, ముఖము ఉబ్బుట, గొంతు మారుట, ఆయాసము లేక పిల్లికూతలు, మాటిమాటికి వాంతులు, వాడిపోవుట, స్పృహ తప్పుట – వీటిలో ఏదైనను కనబడినయెడల ఆ మందును వెంటనే ఆపి, 108కి గాని 112కి గాని ఫోను చేసి, లేక అందిన బండిలో సమీపపు ఆసుపత్రికి చేర్చవలెను. బిడ్డను పండుకొనబెట్టి కాళ్లు కొంచెము ఎత్తుగా నుంచవలెను. ఊపిరి కష్టమైనచో కూర్చుండనీయవచ్చును. వాంతి యగుచున్నచో ప్రక్కకు తిప్పవలెను. నిలువబెట్టుట, నడిపించుట ప్రమాదకరము. ఇట్టి స్థితికి ముఖ్యమైన చికిత్స అడ్రినలిన్ ఇంజెక్షను. దురద తగ్గించు మాత్రలుగాని సిరపులుగాని దానికి బదులు కానేరవు. ఒకమారు తగ్గినను కొన్ని గంటలకు తిరుగబెట్టవచ్చును గనుక వైద్యులు ఉండుమనినంతసేపు ఆసుపత్రిలోనే ఉండవలెను. కొన్ని దినముల తరువాతనైనను జ్వరముతో చర్మము పొక్కులెక్కి ఊడుట, నోటిలో పుండ్లు, కన్నులు ఎఱ్ఱబారుట కనబడినచో అదియు వెంటనే ఆసుపత్రికి పోవలసిన గుర్తే.

ఆపద గడచిన తరువాత మందు అసలు పేరును, సీసా మీది వ్యాపారపు పేరు మాత్రము కాక, స్పష్టముగా వ్రాయించుకొనవలెను. ఎంత మందు ఇచ్చిరి, ఎంతసేపటికి ఏమి కలిగెను, ఏ తేదీ అను సంగతులు కూడ వ్రాయవలెను. ఆ చీటీని ప్రతి వైద్యునికిని, మందుల దుకాణములోను, బడిలోను, బిడ్డను కొన్నాళ్లు ఉంచుకొను అమ్మమ్మ తాతయ్యలకును చూపవలెను. మిగిలిన సిరపును దాచి మరియొక జ్వరమునకు తామే వాడరాదు, పొరుగువారికి ఇవ్వరాదు.

6. మరల వడ్డించుట

యాయీరు కుమార్తెను ప్రభువు లేపిన తరువాత ఆమెకు తినుటకేమైన పెట్టుడని చెప్పెను. ఇంటివారందరు విభ్రాంతి నొందియుండగా, ప్రభువు ఆ చిన్నదాని ఆకలిని మరువలేదు. గొప్ప భయము తరువాత ఇంటిని మరల సాధారణ జీవితమునకు త్రిప్పుట ఆయన కృపాకార్యములో ఒక భాగము.

ఒక మందు పడలేదు గనుక ఏ మందును పడదని తలంచుట కుండను పగులగొట్టుట వంటిది. అమాక్సిసిలిన్ పడని బిడ్డకు పారాసిటమాల్ వేరు మందు. చెవిపోటునకు వేరు జాతి మందులును గలవు. అన్నకు పడలేదు గనుక చెల్లెలికి కూడ మానివేయవలెనని నియమము లేదు. వైద్యునికి తెలియజేయుట చాలును. మరియు జ్వరముతో నున్న పిల్లలకు కలుగు దద్దుర్లు అన్నియు మందువలన కలిగినవి కావు; అనేకములు వైరసువలన వచ్చును. పెన్సిలిన్ పడదని పేరుపడినవారిని సరిగా పరీక్షించినప్పుడు పదిమందిలో తొమ్మిదిమందికి అది పడుచున్నదని తేలినది. కనుక అనుమానమున్నయెడల నిపుణుని యొద్ద పరీక్ష చేయించవలెను. ఇంటిలో కొంచెము పోసి చూతమనుట మాత్రము ఎన్నటికిని తగదు.

ఆ ఖరగ్‌పూరు తల్లి మరునాడు పిల్లవానిని ఆసుపత్రికి తీసికొనిపోయి, అడుగకముందే నాలుగు నెలలనాటి దద్దుర్లు మొదలు జరిగినదంతయు చెప్పెను. వైద్యుడు విని, జ్వరమునకు పారాసిటమాల్ సిరపు వ్రాసి, మొదటి మోతాదును తన యెదుటనే పట్టించెను. ఆమె చేయి వణకెను. అయినను పట్టెను. అరగంట కూర్చుండి బిడ్డ ముఖమునే చూచెను. ఏమియు కాలేదు. పిల్లవాడు బిస్కత్తు అడిగెను.

ఇంటికి వచ్చి ఆమె కుటుంబపు బైబిలు తెరచి, పిల్లవాని జన్మదినము, బాప్తిస్మపు తేదీ వ్రాసియున్న మొదటి పుట మీద, వాటి క్రిందనే ఆ మందు పేరును వ్రాసెను.

ఆలోచించుటకు

1. గిల్గాలులో భోజనమునకు కూర్చుండినవారు మర్యాదకొఱకు మౌనముగా నుండినయెడల ఏమి జరిగియుండును? వైద్యునియొద్ద మనము దాచు సంగతులు ఏవి?

2. బిడ్డ జబ్బుతో నున్న ఇంటికి పోయినప్పుడు మన మాటలు "ఎవరు కోసిరి" అను విధముగా నున్నవా, "పిండి తెండి" అను విధముగా నున్నవా?

3. మీ యింటిలో ఎవరికైన పడని మందు ఉన్నదా? దాని అసలు పేరు ఇంటిలో అందరికిని తెలియునా?

ప్రార్థన

పరలోకపు తండ్రీ, మేము ప్రేమతో ఇచ్చినది సహితము కొన్నిమారులు మా పిల్లలకు హాని చేయుచున్నది. తెలియక చేసినదానిని క్షమించుము. తెలిసిన తరువాత మరువకుండ కాపాడుము. వైద్యుల చేతులకును నర్సుల చేతులకును నేర్పు దయచేయుము. భయపడిన తల్లుల వణకు చేతులను నీవే పట్టుకొనుము. క్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.